ఆ పడవోడేటయ్యాడు?

కొట్టు మావయ్య పోయాడు. పొద్దున్నే తలుపులు తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లి, గుండెలో నొప్పిగా ఉందంటూ బెల్లం బుట్టల పక్కన కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. అప్పుడు నేను పొయ్యి మీద ఎసరు పెట్టి ఏదో సినిమా పాట కూనిరాగం తీస్తున్నాను. ఎదురింట్లో ఏడుపు వినిపించి ఎసరు అలాగే వదిలేసి పరిగెత్తాను.

చీపురుపల్లిలో మా ఇంటికి ఎదురుగానే ఆయన కొట్టు. ఉప్పు, చింతపండు, బెల్లం అమ్మేవాడు. నాకు చుట్టమేమీ కాదు. ఆ వీధికి కోడలిగా వచ్చాను గనక ఆయన మావయ్య, వాళ్ళావిడ అత్త అయ్యారు. మా ఆయనకి సినిమా హాల్లో దీపాలు ఆరితే చాలు, గురక మొదలవుతుంది. నాకేమో సినిమా పిచ్చి. విజయనగరంలో కొత్త బొమ్మ పడిందంటే మావయ్యా అత్తల వెంట పాసింజరు బండెక్కేదాన్ని. సరుకు కొనడానికి వెళ్తున్నానని మావయ్య వీధిలో చెప్పేవాడు. ఆ సరుకు మధ్యాహ్నం ఆటలోనే దొరుకుతుందని వీధంతటికీ తెలుసు.

మర్నాడు కొట్టుకొచ్చిన వాళ్ళంతా, "బొమ్మ ఎలగున్నాది?" అని అడిగేవారు. ఆయన తూకం వేస్తూ తాపీగా, "బాగున్నాది. పాటలు బాగున్నాయి. ఏడుపే కొంచెం ఎక్కువైపోనాది, పప్పులో ఉప్పెక్కువైనట్టు" అనేవాడు. అక్కడిదాకా అందరిలాంటి మాటలే. తర్వాత తక్కెడ ఆపి, అడిగిన వాణ్ణే ఎదురడిగేవాడు. "అంతా బాగున్నాది గానీ, ఆడేటయ్యాడు?"

ఆడంటే హీరో కాదు, విలనూ కాదు. కథలో కాసేపు కనపడి మళ్ళీ ఊసే లేకుండా పోయేవాళ్ళుంటారే, వాళ్ళన్నమాట. ఒకసారి జానపదం చూశాం. మాంత్రికుడి శాపానికి రాకుమారి రాయైపోతుంది, ఆమెకి అడ్డం పడ్డ చెలికత్తె కూడా రాయైపోతుంది. రాకుమారుడు మంత్రజలం తెచ్చి రాకుమారి మీద చల్లి, గుర్రమెక్కించుకుని పోయాడు. ఆ గుర్రం మీద నేనే ఉన్నట్టు మురిసిపోతుంటే పక్కనుంచి మావయ్య, "ఒలే కోడలా, సెంబులో ఇంకా నీలున్నాయి కదే. ఆ రెండో పిల్ల మీద రెండు సుక్కలు సల్లితే ఆడి సొమ్మేటి పోతాది?" అన్నాడు. నా గుర్రం అక్కడే ఆగిపోయింది.

ఇంకో సినిమాలో హీరో చెల్లెల్ని మొదట్లోనే హాస్టలుకి పంపేస్తారు. అన్న పెళ్ళిక్కూడా ఆ పిల్ల రాలేదు. "ఆడపడుసు లేకుండా పెల్లేటి? కబురైనా ఎట్టారా?" అని మావయ్య చాన్నాళ్ళు బాధపడ్డాడు. చింతపండు కట్టించుకుంటున్న ఒకావిడ ఆలోచించి, "పరీచ్చలున్నాయేమో" అంది. "అదైతే సరే" అని ఆయన తల ఊపి, ఆవిడకి ఇంత కొసరేశాడు. పోనుపోను జనం సినిమా చూసొచ్చి ఆయనకి జవాబులు మోసుకొచ్చేవారు. నాకూ అంటుకుంది ఆ జబ్బు. హీరోయిన్ పాట పాడుతుంటే వెనక పూలమ్మే ముసలమ్మ ఎవరై ఉంటుందా అని చూస్తూ కూర్చునేదాన్ని.

ఆయన చూసిన ఆఖరి బొమ్మలో ఒక పడవవాడున్నాడు. గాలివానలో ఏరు పొంగుతుంటే, ఎవరూ రామన్న వేళ, గుబురుమీసాల మనిషొకడు హీరోని పడవలో అవతలి ఒడ్డుకి చేరుస్తాడు. హీరో ఒడ్డుకి దూకి, పెళ్ళి ఆపడానికి పరిగెడతాడు. పడవ వెనక్కి తిరిగి వానలో కలిసిపోతుంది. తర్వాత పెళ్ళి, నవ్వులు, శుభం.

తిరుగు బండిలో మావయ్య మొదలెట్టాడు. "ఆడు నిలువునా తడిసిపోనాడు. పొడిబట్ట ఎవులిచ్చినారు? అసలు ఒడ్డుకి సేరేడా?"

పాట గుర్తు తెచ్చుకుంటున్నానేమో, నాకు విసుగొచ్చింది. "కథలో అతనితో పనైపోయింది మావయ్యా. అందుకే చూపించలేదు."

ఆయన నావైపు తిరిగాడు. "పనైపోతే మడిసి ఉండడేటే? కత అయిపోనాది సరే, మనుసులు అయిపోరు కదా" అన్నాడు. తర్వాత కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

అత్త నా చెవి దగ్గరకొచ్చి మెల్లిగా చెప్పింది. "ఆయన తమ్ముడొకడు రంగం ఎల్లిపోనాడే."

రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. మీసాలు రాని వయసులో, పని దొరుకుతుందని ఓడెక్కాడట. యుద్ధంలో బాంబులు పడ్డాయని, జనం అడవుల్లో పడి నడిచొచ్చారని విన్నారు గానీ, అతను రాలేదు, కబురూ రాలేదు. ఈ మధ్య అక్కడినుంచి మళ్ళీ కుటుంబాలు తిరిగొస్తున్నాయి కదా. అలా ఎవరొచ్చారన్నా మావయ్య కొట్టు మూసి స్టేషనుకి పోయేవాడట. ఆ మాట వినేదాకా, మేం లేకుండా వెళ్ళిన రోజుల్లో నిజంగానే సరుకు కోసం వెళ్తున్నాడనే నేననుకున్నాను.

ఆయన పోయాక పరామర్శకి వచ్చినవాళ్ళతో అరుగు నిండిపోయింది. నౌపడ నుంచి ఉప్పు బస్తాలు తెచ్చే అతన్నీ మావయ్య పడవవాడి గురించి అడిగి ఉన్నాడు. ఆయన పోయిన సంగతి అతనికి తెలీదు. వీధి మొదట్నుంచే కేకేస్తూ వచ్చాడు. "మావా! పడవోడు దొరికేడు!"

ఎవరో చెప్పారు. అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు లోపలి గుమ్మంలోంచి అత్త అడిగింది. "దొరికేడా? ఎక్కడ?"

"ఆకర్న అత్తా, పెల్లిపందిట్లో. శుభం పడతంటే అందరూ లేసిపోనారు. నా సెప్పు బెంచీ కింద పడిపోతే ఎతుకుతూ ఉండిపోనాను. తలెత్తేసరికి ఆడే, గుబురుమీసాలోడు, మేలగాల్ల ఎనకాల."

"బాగున్నాడా?"

అతను తెల్లబోయాడు. "అది సూడ్నేదత్తా. అంతలోనే తెర తెల్లగైపోనాది."

అత్త నావైపు తిరిగింది. "నాను గడప దాటకూడదు కదే. నువ్వెల్లి సూసి రా. శుభం పడ్డాదని లేసిపోకు."

ఈసారి మా ఆయన్ని తోడు తీసుకెళ్ళాను. ఉప్పు బస్తాలతను చూసింది, పందిట్లో నిలబెట్టడానికి మనుషులు చాలక మళ్ళీ వాడుకున్న వేషగాడి మొహమని ఆయన నచ్చచెప్పబోయాడు. అయితే అవనీ అన్నాను. తెరమీద గాలివాన వచ్చింది, పడవ వెళ్ళిపోయింది, తాళి కట్టారు. శుభం అన్న అక్షరాలు పడేసరికి హాలంతా లేచి నిలబడింది. నా ముందంతా వీపులే. "కూచోండి బాబూ" అని అరిచాను, ఎవరు వింటారు? కొంగు నడుముకి దోపి బెంచీ ఎక్కేశాను. "ఏమిటే ఇది, దిగు" అని మా ఆయన చెయ్యి పట్టుకు లాగుతున్నాడు.

తలల మీదుగా చూశాను. కుడివైపు చివర, మేళగాళ్ళ వెనక, గుబురుమీసాల మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఒంటిమీద చొక్కా పొడిగా ఉంది.