నూకయ్య పార

మా ఊళ్ళో పదో తరగతి పాసైన మొదటివాణ్ణి నేను. భోగాపురం హైస్కూలుకి ఇసకదారిన నడిచి వెళ్ళి, నడిచి వచ్చి చదివాను. మత్స్యకారుల సహకార సంఘానికి పద్దెనిమిదేళ్ళు సెక్రటరీగా చేశాను. ఊరికి మంచినీళ్ళ ట్యాంకు నేను రాసిన అర్జీ మీదే వచ్చింది. తుఫాను షెల్టరు శంకుస్థాపన రాయి మీద అడుగు వరసలో నా పేరుంది. పైన సున్నం పడింది గాని, తుడిస్తే ఇప్పటికీ చదవొచ్చు. పదవి పోయి పన్నెండేళ్ళయినా ఊరంతా నన్ను సెక్రటరీగారూ అనే పిలుస్తారు. అలా పిలవని మనిషి ఒక్కడే, మా అక్క కూర్మమ్మ మొగుడు నూకయ్య. ఆయనకి నేనెప్పుడూ "ఒరే గంగా"నే. నలుగురిలో ఉన్నప్పుడు ఆ పిలుపు నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది.

ఇప్పుడు రాస్తున్నది నూకయ్య బావ గురించి. నా సంగతులు ముందు ఎందుకు చెప్పానంటే, ఆయనకి నా చేతుల మీదుగా జరిగిన అన్యాయం ఈ గొప్పల్లోంచే పుట్టింది.

బావకి డెబ్భై మూడేళ్ళు. బడి గుమ్మం తొక్కలేదు. ఊరంతా ఫైబరు బోట్లకీ ఇంజన్లకీ మారిపోయినా ఆయన తెప్ప వదల్లేదు. ముందు కూర్చుని తనూ, వెనక తెడ్డు పట్టి అల్లుడు గోవిందూ వెళ్ళేవారు. వల కన్నా గేలమే ఎక్కువ. యాభై అరవై ఏళ్ళుగా గేలం తాడు లాగి లాగి ఆయన వేళ్ళ మీది గీతలన్నీ అరిగిపోయాయి. రేషను డిపోలో మిషను ఆయన వేలిముద్ర పట్టదు. ప్రతి నెలా నేను కూడా వెళ్ళి, డీలరుతో మాట్లాడి, కళ్ళు చూసే మిషను తెప్పించేవాణ్ణి. అది కూడా నా ఘనతల్లో ఒకటిగా చెప్పుకునేవాణ్ణి. బీడీ తాగితే సగానికి తుంచి, రెండో సగం చెవి మీద పెట్టుకుంటాడు. మాట బాగా తక్కువ. పెళ్ళయిన కొత్తలో మా అక్క పుట్టింటికొచ్చి, "అమ్మా, ఆ మనిసికి మాటొస్తాదా?" అని అడిగిందట.

సముద్రంలో నీళ్ళ అడుగున అక్కడక్కడా రాళ్ళగుట్టలుంటాయి. వాటిని మేం పారలంటాం. చేప అక్కడ చేరుతుంది. నీళ్ళ మీద ఏ ఆనవాలూ ఉండదు. ఒడ్డు మీది ఒక కొండనీ ఒక చెట్టునీ ఒకే వరసలోకి తెచ్చుకుని, ఇంకో వైపు అలాగే మరో రెంటిని కలుపుకుని, ఆ రెండు వరసలూ కలిసిన చోట పార ఉందని తెలుసుకోవాలి. వాటిని గురుతులంటాం. ఎవరి గురుతులు వాళ్ళ ఇంటివి. తండ్రి కొడుక్కి ఇస్తాడు. అది కూడా ఒడ్డు మీద నోటితో చెప్పకూడదు. తెప్ప పార మీద ఉన్నప్పుడు చేత్తో చూపించాలి. బావ పార వాళ్ళ తాత కనిపెట్టింది. దూరంగా ఇంకో తెప్ప కనబడితే చాలు, బావ గేలం పైకి లాగేసి, దారిన పోయేవాడిలా తెడ్డు వేసుకుంటూ పోయేవాడు.

ఆ గురుతులు నాకు తెలుసు. పదో తరగతి పాసయ్యాక ఉద్యోగం వస్తుందని రెండేళ్ళు ఎదురుచూశాను. ఆ రెండేళ్ళూ బావ తెప్ప మీదే తిరిగాను. ఒకనాడు ఉదయం ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, ఉత్తరానికి ఒకసారీ దక్షిణానికి ఒకసారీ చెయ్యి చూపించాడు.

"సూసినావా? సదువుకున్నోడివి, మర్సిపోవు."

"నాకెందుకు బావా? నేను వేటకి ఉండిపోనుగా."

"నాకేటైనా అయితే మీ అక్కకి కూడెవుడెడతాడ్రా? అందుకు సూపిస్తన్నాను. ఎవుడికీ సెప్పకు."

ఇది జరిగి యాభై ఏళ్ళు కావొస్తోంది.

మూడేళ్ళ కిందట విశ్వవిద్యాలయం నుంచి అరుణశ్రీ అనే అమ్మాయి వచ్చింది. వేటకి వెళ్ళేవాళ్ళ మాటలు, ఆచారాలు, పని తీరు ఇవన్నీ రాసుకుని పుస్తకం వేస్తుందట. భోగాపురంలో గది తీసుకుని రోజూ ఆటోలో వచ్చేది. ఊళ్ళో ఎవరిని అడిగినా సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళమన్నారు. నేను ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాను. ఎవరేం చెప్పినా, దాన్ని పుస్తకాల భాషలోకి మార్చి చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి నవ్వి, "వాళ్ళన్నది వాళ్ళన్నట్టే కావాలి తాతగారూ," అనేది.

బావ ఇంట్లో నాలుగు రోజులు కూర్చున్నాం. గాలుల పేర్లు, నీటి పోకడల పేర్లు, చేప వయసును బట్టి మారే పేర్లు, అన్నీ ఆ అమ్మాయి రికార్డరులోకి చెప్పాడు. మా అక్క చేటలో ఎండుచేపలు ఏరుతూ వింటోంది.

"ఏటమ్మా, ఆ మిషనులో ఏటెట్టినావు? నాకు యాభై ఏళ్ళల్లో సెప్పినన్ని మాటలు నీకు నాలుగు రోజుల్లో సెప్పేసినాడు."

"నువ్వెప్పుడడిగినావే?" అన్నాడు బావ.

"అడిగితే సెప్తావా? నిన్న కూరలో ఉప్పు సరిపోనాదా అంటేనే సెప్పలేదు."

అప్పుడు అరుణశ్రీ మెల్లగా పారల సంగతి అడిగింది. బావ చెవి మీది బీడీ తీసి చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"అది సెప్పకూడదమ్మా. ఇంకేటైనా అడుగు."

ఆ అమ్మాయి మరి అడగలేదు. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, కాగితంలో "పారల గురుతులు: చెప్పడానికి ఇష్టపడలేదు" అని రాసుకుంటోంది. అక్కడితో పోవలసింది. నేను ఊరుకోలేకపోయాను.

"నాకు తెలుసు," అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "మీదా తాతగారూ ఆ పార?"

"ఆయనదీ నాదీ ఒకటే. రెండేళ్ళు ఆ తెప్ప మీద తిరిగాను."

"ఆయన వద్దన్నారు కదండీ. మీరు మళ్ళీ అడిగి, ఒప్పుకుంటేనే చెప్పండి. తొందరేం లేదు. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు."

మర్నాడు అడుగుదామని బావ ఇంటికి వెళ్ళాను. అక్క కానాగంత చేపల పులుసుతో అన్నం పెట్టింది. బావా నేనూ పక్కపక్కన కూర్చుని తిన్నాం. దేని గురించి మాట్లాడుకున్నామో అంతా గుర్తుంది. ఎయిర్‌పోర్టు పనులకి ఊరి కుర్రాళ్ళు పోవడం, వాళ్ళ కూతురు దుర్గ చేయించుకున్న కొత్త చెవిదుద్దులు, తెప్పకి మార్చవలసిన మోకులు. పార మాట మాత్రం నేనెత్తలేదు. ఎత్తితే ఏమంటాడో నాకు తెలుసు. చెయ్యి కడుక్కుని నేరుగా వచ్చి, "ఒప్పుకున్నాడమ్మా," అన్నాను.

"నిజంగానా అండి?"

"నేనడిగితే కాదంటాడా?"

ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. బావ వేలిముద్ర పడదనీ, రేషను మిషనే పట్టదనీ చెప్పి, ఆయన తరఫున నేనే సంతకం పెట్టాను. నా సంతకం బాగుంటుందని ఊళ్ళో పేరు. ఆ రోజు కూడా బాగానే వచ్చింది. తర్వాత పటం గీసి, గురుతులన్నీ చూపించాను.

పోయిన ఏడాది పుస్తకం వచ్చింది, ఇంటర్నెట్లో కూడా పెట్టారు. నలభై ఆరో పేజీలో పార పటం, కింద "సమాచారం: గంగరాజు, విశ్రాంత కార్యదర్శి" అని ఉంది. పక్కన నా ఫోటో. నేను దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పది రోజులు టీ బడ్డీ దగ్గరే కాపురం చేశాను. వచ్చినవాడికల్లా చూపించాను. బావ ఆ బడ్డీకి రాడు; మిగతావాళ్ళు నా ఫోటో చూశారే గాని, పటం ఎవరి పారదో పట్టించుకోలేదు. ఫైబరు బోటు వాటాదారు బాబీ కూడా చూశాడు.

"ఏదీ సెక్రటరీగారూ, ఆ మేపు ఓపాలి ఇయ్యండి. అబ్బో, ఫోటోలో కలెక్టరునాగ ఉన్నారు."

నేను పొంగిపోయి చేతికిచ్చాను. అతను ఫోను తీసి ఫోటో కొట్టాడు. నా ఫోటో తీసుకున్నాడనుకున్నాను.

నెల తిరక్కుండా బావ పార మీద నాలుగు బోట్లు నిలబడ్డాయి. గురుతులు కలుపుకుని చోటు పట్టుకున్నారు, పట్టుకున్నదాన్ని జీపీఎస్‌లో ఎక్కించుకున్నారు. రింగు వలలు వేశారు. రాళ్ళకి తగులుకున్న వలల్ని కోసి అక్కడే వదిలేశారు. ఆ తర్వాత బావ గేలానికి చేపకి బదులు పచ్చ వలపేలికలు వచ్చాయి. వాటిని ఇంటికి తెచ్చి చూరు కింద వేలాడదీశాడు.

గోవింద్‌ని మాత్రం ఆ బోట్లు కనబడ్డ మర్నాడే తెప్ప దించేశాడు. "నువ్వు తెడ్డు ఒగ్గీ," అన్నాడట, అంతే. మామ తనని దొంగనుకున్నాడని గోవింద్‌కి అర్థమైంది. గరివిడిలో ఏదో ఫ్యాక్టరీకి లోడింగు కూలికి పోయాడు. పుట్టినప్పట్నించీ సముద్రం గాలి తప్ప ఎరగనివాడు.

దుర్గ నా దగ్గరికొచ్చింది. నా మేనకోడలు, నా చేతుల మీద పెరిగిన పిల్ల.

"మావయ్యా, ఆడు సెప్పలేదు. నా మీద ఒట్టేసినాడు. ఊరోళ్ళు ఇంటిదొంగని ఎగతాళి సేస్తన్నారు. నువ్వు సదువుకున్నోడివి, నాన్నకి నువ్వు సెప్తే ఇంటాడు."

వెళ్ళాను. బావ గేలాలకి తుప్పు గీకుతున్నాడు.

"అల్లుడు అలాంటివాడు కాదు బావా."

"మరెవుడ్రా? పార తెలిసినోళ్ళం ముగ్గురం. నాను సెప్పలేదు. నువ్వు సెప్పవు. మరెవుడు?"

నువ్వు సెప్పవు అన్నప్పుడు తల కూడా ఎత్తలేదు. పొద్దు పొడిచిందన్నంత మామూలుగా అన్నాడు. నేను చెప్పాల్సింది అప్పుడే. పంచాయతీ ఆఫీసులో పనుందని లేచి వచ్చేశాను. పంచాయతీ ఆఫీసులో నాకేం పని ఉంటుంది?

అలా నలభై రోజులు గడిపాను. దుర్గ వీధిలో కనబడితే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. పుస్తకం బీరువా పైన పెట్టాను. టీ బడ్డీ మానేశాను.

నలభై ఒకటో రోజు ఉదయం ఒడ్డు మీదికి వెళ్ళాను. బావ తెప్పని నీళ్ళలోకి దింపుతున్నాడు. రెండో పక్క మా అక్క, కోక మోకాళ్ళ పైకి దోపుకుని, భుజం ఆనించి నెడుతోంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. అల వచ్చి ఆవిణ్ణి పడేసింది. లేచి మళ్ళీ భుజం ఆనించింది. పక్కన బోట్ల వాళ్ళు చూస్తున్నారు. బాబీ కూడా ఉన్నాడు.

ఇంటికి పోయి బీరువా మీది పుస్తకం తెచ్చాను. వచ్చేసరికి బావ ఇంకా ఒడ్డునే ఉన్నాడు, అక్క మోచెయ్యి గీరుకుపోతే గుడ్డ కడుతున్నాడు. నలుగురూ వినేలా చెప్పాను. అరుణశ్రీ అడిగిందీ, నేను చెప్పిందీ, సంతకమూ, టీ బడ్డీ దగ్గర పుస్తకం చూపించుకోవడమూ, దేన్నీ దాచలేదు. నలభై ఆరో పేజీ తీసి చూపించాను.

బావ పేజీ వంక చూశాడు. చదవలేడు గాని, పటం పోల్చుకున్నాడు. అరిగిన వేలితో కొండ దగ్గర్నించి గీత మీద పాకించాడు.

"నా పేరుందా?"

"లేదు బావా."

"ఎవుడి పేరుంది?"

"నాది."

"నానొప్పుకున్నానని కాయితమేటైనా ఉందా?"

"ఉంది. సంతకం నేనే పెట్టాను."

మా అక్క నా మొహంలోకి చూసింది. "అప్పుడు పులుసు తిన్నావు గదరా, ఆ రోజేనా?"

"ఆ రోజే."

"కానాగంతలు," అంది.

బాబీ ఇసకలోకి చూస్తున్నాడు. బావ పుస్తకం మూసి నా చేతికిచ్చి, అక్కవైపు తిరిగాడు. "అల్లుడికి ఫోను సెయ్యమను," అన్నాడు.

గోవింద్ సాయంత్రం బస్సుకి వచ్చాడు. నేను దూరంగా, వలల గుట్ట దగ్గర నిలబడి చూశాను. బావ తప్పయిందని అనలేదు. బీడీ సగానికి తుంచి, ఒక ముక్క అల్లుడికిచ్చాడు. ఇద్దరూ తెప్ప అంచున కూర్చుని కాల్చారు. మర్నాడు గోవింద్ తెడ్డు పట్టాడు.

అరుణశ్రీకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. "నేను రెండుసార్లు అడిగాను కదా తాతగారూ," అంది. ఇంటర్నెట్లోంచి ఆ పేజీ తీసేయిస్తాననీ, మళ్ళీ అచ్చు వేస్తే పటం ఉండదనీ, తనే వచ్చి ఆయనతో మాట్లాడతాననీ చెప్పింది. తీసేస్తే మాత్రం బోట్లు మరచిపోతాయా?

పార పాడైపోయింది. మామా అల్లుళ్ళిద్దరూ తాడుకి ఇనపగుండు కట్టి, అడుగు తడుముకుంటూ, కొత్త పార కోసం తిరుగుతున్నారు. ఒక్కోనాడు మూడో నాలుగో గులివింద చేపలు తెస్తారు. ఈ మధ్య ఒకనాడు ఒక పెద్ద కోనెం తెచ్చారు. ఎక్కడ దొరికిందో ఎవరూ అడగలేదు. నేనసలే అడగను.

పుస్తకంలో ఆయన పేరు లేదు గనక ఇక్కడ రాశాను. గురుతులు రాయలేదు.

మొన్న ఆదివారం ధైర్యం చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చూరు కింద పచ్చ పేలికలు అలాగే వేలాడుతున్నాయి. ఎప్పుడూ నేను నేల మీదే, బావ పక్కన కూర్చునేవాణ్ణి. బావ నన్ను చూసి లేచాడు. లోపల్నించి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, కండువాతో దులిపాడు.

"రండి సెక్రటరీగారూ," అన్నాడు. "కూకోండి."

మా అక్క తల దించుకుని చేటలో చేపలు ఏరుతోంది. నేను కుర్చీలో కూర్చున్నాను.