తెల్లబడిన పుస్తె

స్నానం చేసి పుస్తెలు కళ్ళకద్దుకోబోయి ఆగిపోయాను. ఒకటి వెండిలా తెల్లబడి ఉంది. మా వారు ముందురోజే కాలువ పడవలో కాకినాడ వెళ్ళారు.

"ఇదేంటమ్మాయ్, బంగారం పాలిపోయింది? అబ్బాయి క్షేమమేనంటావా?" అన్నారు అత్తగారు. చింతపండుతో తోమినా ఆ తెలుపు పోలేదు.

మరునాటి సాయంత్రం ఆయన నవ్వుతూ వచ్చారు. పుస్తె సంగతి చెప్పాను. "నాకేమైందే? నీ పన్ను నొప్పి తగ్గిందా?" అన్నారు.

అప్పుడు వెలిగింది. ఆయన ప్రయాణానికి ముందే రాజమండ్రిలో డాక్టరుగారు నా పుచ్చుపన్నులో పాదరసం కలిపిన వెండిపొడి నింపారు. ఆలోచనలో పడితే పుస్తె కొరకడం నా అలవాటు. పాదరసం బంగారాన్ని పట్టుకుని తెల్లబరుస్తుందని మద్రాసు కాలేజీలో చదివాను కూడా.

గట్టిపడ్డాక ప్రమాదం లేదన్నారు డాక్టరుగారు. నిజమే కావచ్చు. కానీ బంగారాన్ని చేరినది పిల్లల నోటికి చేరదా? ఆ రాత్రంతా నా నాలుక ఆ పన్ను చుట్టూనే తిరిగింది.

తెల్లవారగానే పిల్లలు జామకాయ తెచ్చి, కొంగు చుట్టి కాకెంగిలి చేసి పంచమన్నారు. కొరకనన్నాను.

"కొంగు అడ్డముంటే ఎంగిలి కాదన్నావుగా అమ్మా!"

"ఎంగిలికి కొంగు అడ్డమే నాన్నా, దీనికి కాదేమో. ఇకనుంచి కత్తితో కోసి ఇస్తాను" అన్నాను.