కారు మూతికి కట్టిన రవిక గుడ్డ

రాజాంలో అప్పలనరసమ్మ పూజా సామాన్ల కొట్టు తెలియని డ్రైవరు ఉండడు. కొత్త ఆటో కొన్నా, మోటారుసైకిలు కొన్నా, చివరికి వరికోత యంత్రం దింపినా ముందు అక్కడ ఆగాల్సిందే. నిమ్మకాయలూ కర్పూరం అమ్మేసి ఊరుకునే మనిషి కాదామె. కొట్టు దిగివచ్చి బండి చుట్టూ తిరిగి, మీ ఆవిడ ఒప్పుకుందా, ఈ మీట నొక్కితే ఏమవుతుంది, ఆ గొట్టం ఎందుకు అని అడిగి, అన్నిటికీ జవాబు వచ్చాకే చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంది. ఇంటికొచ్చిన బండి కొత్త కోడలితో సమానమని ఆమె నమ్మకం. అందుకే ఆఖరున ప్రతి బండికీ బొట్టు పెట్టి ఒక రవిక గుడ్డ కడుతుంది.

అలాంటిది సొంత తమ్ముడి కొడుకు పృథ్వీరాజ్ స్పోర్ట్స్ కారు తెస్తే ఊరుకుంటుందా? విశాఖపట్నంలో ఎవరో వాడి అమ్మేసిన కారది. ఎర్రగా, నేలను కరుచుకుని ఉంటుంది. రెండే సీట్లు, పైకప్పు తెరుచుకుంటుంది. పెళ్లికొడుకుల ఊరేగింపులకు తిప్పుదామని వాడి ఆలోచన. మొదటి బేరం కూడా కుదిరింది. ఆ ఆదివారం సాయంత్రమే రాజాంలో బియ్యం వ్యాపారి గోవిందరావుగారి అబ్బాయి ఊరేగింపు. అది బాగా జరిగితే చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ పృథ్వీవే. కారు దారిలో ఆగిపోయిందన్న మాట పుట్టిందా, బజారు ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి ఎంతోసేపు పట్టదు. అది అప్పలనరసమ్మకు బాగా తెలుసు. అలాంటి మాటలు మోసేవాళ్లలో తనూ ఉంది మరి.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ అరసవల్లి వెళ్లి స్వామి సన్నిధిలో కారుకు పూజ చేయించారు. పూజారి పని అయ్యాక ఈమె పని మొదలైంది. కారు ముందు భాగంలో జల్లెడలా కంతలున్న చోటు ఆమెకు నచ్చలేదు.

"కొత్త పెళ్లికూతురు ఇలా నోరు తెరుసుకుని ఊరేగుతాదేట్రా?" అంటూ ఆ కంతలు కనబడకుండా రవిక గుడ్డ బిగించి కట్టింది. దాని మీద మెడంత మందాన బంతిపూల దండ వేసింది.

"రాజాం దాకా ఇదంతా ఎందుకత్తా?" అన్నాడు పృథ్వీరాజ్.

"స్వామి కాడ కట్టింది ఇంటి గుమ్మం దాకా ఉండాల. నువ్వు స్టీరింగు సూసుకో."

ఆ కారు ఎక్కడం ఆమెకు కొత్త విద్య అయింది. "ఇది ఎక్కడం కాదురా, పీట మీద కూలబడ్డం," అని నవ్వింది. శ్రీకాకుళం బజార్లో ఆటోల మధ్య ఈదుకుంటూ, హైవే మీద కాసేపు పరిగెత్తి, చిలకపాలెం దగ్గర రాజాం దారి పట్టారు. దారి పొడుగునా ప్రతి మీట గురించీ అడుగుతూనే ఉంది. అందుకే ఆ దీపాన్ని ముందు చూసింది ఆమే.

"ఒరే, ఎర్ర దీపం ఎలిగింది. నీళ్లలో ములిగిన థర్మామీటరులా ఉన్నాది. ఏటది?"

పృథ్వీరాజ్ మొహం మారిపోయింది. "కూలెంట్ లైటత్తా. ఇంజను వేడెక్కిపోతంది."

"కూలెంటంటే?"

"ఇంజను సుట్టూ తిరిగి దాన్ని సల్లబరిసే నీళ్లలాంటి మందు."

"మరి తిరగతంటే వేడెందుకెక్కింది?"

"అదే తెలీడం నేదు."

రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర కారాపి బానెట్టు లేపాడు. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. అప్పలనరసమ్మ బడ్డీ నడిపే లక్ష్మణమ్మనడిగి బిందెడు నీళ్లు పట్టుకొచ్చింది.

"ఆ మూత ముట్టుకోకత్తా. ఇప్పుడు తీస్తే మొహం మీదకి సిమ్ముతాది. సల్లారనీ."

"ఇంత సిన్న కారుకి ఇంత కోపమేటమ్మా," అంది లక్ష్మణమ్మ గ్లాసులు కడుగుతూ.

అంతలో ఫోను మోగింది. గోవిందరావు పేరు చూసి పృథ్వీరాజ్ తీయలేదు. అప్పలనరసమ్మ లాక్కుని, "వస్తన్నాం అన్నయ్యా, దారిలో టీ తాగతన్నాం," అంది. అబద్ధం కాకూడదని వెంటనే రెండు టీలు చెప్పింది. పృథ్వీరాజ్ తన టీ ముట్టుకోలేదు.

ఇంజను చల్లారాక చూస్తే కూలెంటు డబ్బాలో గీత దాకా ఉంది. వాడికి ఇంకా భయం పట్టుకుంది. మందు తగ్గకపోతే లోపల ఏ పంపో పోయినట్టే. విశాఖలో కారు చూసిపెట్టిన మెకానిక్ ఉమాశంకర్‌కు ఫోన్ చేశాడు. ముందు భాగం ఫొటో పంపమన్నాడతను. పంపిన కాసేపటికే స్పీకర్లో నవ్వు వినిపించింది.

"ఆ గుడ్డేంటి బాబూ? గాలి అక్కణ్నుంచే లోపలికెళ్లాలి. లోపల తిరిగే మందు చల్లబడేది ఆ గాలికే. ముక్కూ నోరూ కట్టేసి పరిగెత్తమంటే ఏం పరిగెడుతుంది?"

పృథ్వీరాజ్ అత్త వైపు తిరిగి చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. కనబడ్డ ప్రతి మీట గురించీ అడిగింది గానీ, ఆ కంతలు అక్కడ ఎందుకున్నాయని ఒక్క మాట అడగలేదు. ఆటోకు హ్యాండిలుకు కట్టేది, బైకుకు అద్దానికి కట్టేది. దీనికి మాత్రం సరిగ్గా ఊపిరాడే చోట కట్టింది.

వాడు ముడి విప్పబోతే, "నువ్వు ఒగ్గీ. కట్టింది నేను, ఇప్పేదీ నేనే," అంటూ కారు ముందు చతికిలబడింది.

స్వామి దగ్గర కట్టింది దారిలో విప్పుతున్నందుకు ముందు అరసవల్లి వైపు తిరిగి దండం పెట్టింది. "తండ్రీ, దీనికి గాలాడ్డం నేదు, నువ్వే సూసుకో," అని కళ్లకద్దుకుని దండ దారం తెంపింది. గుడ్డ ముడులు పళ్లతో విప్పింది. దండను వెనకవైపు వేసింది. చక్కగా ఉన్న గుడ్డను మడత పెట్టి, లక్ష్మణమ్మకు బొట్టు పెట్టి చేతిలో పెట్టింది.

"కారుది నాకెట్టేత్తన్నావేటమ్మా?"

"నువ్వు నీళ్లిచ్చావు. అది నిన్ను రవిక కుట్టించుకోమంది."

కారు కదిలింది. ఇద్దరి కళ్లూ దీపం మీదే. రాజాం పొలిమేర దాకా అప్పలనరసమ్మ ఒక్క ప్రశ్న వేయలేదు. దీపం వెలగలేదు.

పెళ్లివారింటి ముందు బాజా మోగుతోంది. పెళ్లికొడుకు తల్లి అనూరాధ హారతి పళ్లెంతో, పట్టు రవిక గుడ్డతో, చేయంత లావు దండతో ఎదురొచ్చి నేరుగా కారు మూతి మీదకు వంగింది. అప్పలనరసమ్మ సీట్లోంచి ఎలా లేచిందో గానీ అడ్డంగా నిలబడింది.

"ఒదినా, మూతికొద్దు. అద్దానికి కట్టు."

"అదేటి, ఇన్నాళ్లూ అందరికీ నువ్వే గదా కట్టావు?"

"ఈ కంతలెందుకో అప్పుడు అడగనేదు. ఇప్పుడు తెలుసుకున్నాను."

పెళ్లికొడుకు దర్జాగా కూర్చున్నాడు. ఊరేగింపు బజారంతా తాబేలు నడకన సాగింది. కారు పక్కనే అప్పలనరసమ్మ నడుస్తూ, నాలుగడుగులకోసారి వంగి లోపలికి చూస్తోంది.

"ఎలగలేదత్తా. నువ్వెళ్లి బోంచెయ్యి," అన్నాడు పృథ్వీరాజ్ నవ్వుతూ.

"ఇంకో సందు ఉన్నాది కదరా," అంటూ మళ్లీ వంగింది ఆమె.