మామ పట్టుకున్న గిలాస

మా పక్కింటి మామ పోయాడన్న కబురు నాకు జనవాడ బస్సులో అందింది. నేను పాఠాలు చెప్పే బడికి పోతూ కిటికీ పక్క సీట్లో కునుకు తీస్తున్నాను. ఫోన్ చేసింది మా తమ్ముడు. "అక్కా, మామ పోయిండు. దవఖానల్నే," అని ఫోన్ పెట్టేశాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక ఆదివారాలు ఎట్లా గడుస్తాయి అనుకున్నాను. మనిషి పోతే ముందు నా అవసరమే గుర్తుకొచ్చిందని తర్వాత సిగ్గుపడ్డాను. కానీ ఆ సంగతి దాచి ఈ నాలుగు మాటలు రాస్తే మామ ఒప్పుకోడు. ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క షరతు అది, ఏమనిపిస్తే అది అనాలి.

బీదర్‌లో మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. మామ సొంతూరు ఔరాద్ అవతల పల్లె. ముప్పై ఏళ్ళు మహారాష్ట్రలో ద్రాక్షపళ్ళతో వైన్ తీసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. మొదట పీపాలు కడిగాడు. తర్వాత చూడవచ్చిన అతిథుల ముందు గ్లాసులు పెట్టే పనిచ్చారు. అక్కడ ఒక సూటు వేసుకున్నాయన వైన్‌ను ఎట్లా వాసన చూడాలో, ఎట్లా చప్పరించాలో చెప్పేవాడట. వచ్చినవాళ్ళు బిగుసుకుని కూర్చుని, ఆయన ఏమంటే అదే తిప్పి అప్పజెప్పేవాళ్ళట.

"గంత దూరంకెల్లి వచ్చి, పైసల్ కట్టి, భయపడి పోయేటోళ్ళు పిల్లా. ఎవరి ముక్కు వాళ్ళ మొకానికే ఉండె. మరి భయమెందుకు?" అని మామ నవ్వేవాడు.

రిటైరై వచ్చిన ఏడాది నుంచి ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో చాప పడేది. పెద్ద సరంజామా ఏమీ లేదు. హోటళ్ళలో ఉండే చిన్న చాయ్ గిలాసలు, చెంబుతో నీళ్ళు, గుక్కకూ గుక్కకూ మధ్య నమలడానికి ఉత్త జొన్నరొట్టె ముక్కలు, అత్తది పాత పోపుల డబ్బా. ఆ డబ్బాలో పోపు సామాన్లు ఉండవు. ఒక గిన్నెలో ఎండిన గులాబి రేకలు, ఒకదాంట్లో పాత బెల్లం, ఒకదాంట్లో పొగాకు, నిమ్మతొక్క, లవంగాలు, కాలం వస్తే నేరేడు పళ్ళు. గిలాసలో ఏ వాసన వస్తోందో పేరు అందకపోతే డబ్బా మీదికి వంగి వెతుక్కోవాలి. ఒక సీసా పది మందికి. మనిషికి రెండు గుక్కలు. అవీ మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మేయడానికి వాళ్ళ నాయన కాలం నాటి ఇత్తడి ఉగాల్దాన్ ఉండేది. ఒకప్పుడు పాన్ ఉమ్మిన పాత్రే. మామ దాన్ని వారం వారం చింతపండు పెట్టి తోమేవాడు, అందుకని ఆయన చేతులు ఎప్పుడూ చింతపండు వాసన వేసేవి.

మొదటి రోజు మా గల్లీ ఆటో అన్న నోట్లో గుక్క పెట్టుకుని ఉమ్మలేక, మింగలేక బుగ్గలు ఉబ్బించి కూర్చున్నాడు. చివరికి మింగేసి, "ఇంటికి పిలిచి ఇచ్చింది ఉమ్మేస్తే పాపం తాకదా మామా?" అన్నాడు.

"నీకు ఇచ్చింది వాసన. గది ముక్కుల్నే ఉంది గదా, యాడికి పోయె?" అన్నాడు మామ.

ఆ అన్నే ఇంకో ఆదివారం ఎర్ర వైన్ వాసన చూసి, "వానకు తడ్సిన సీటు కవర్ లెక్కుంది," అన్నాడు. చాప మీద ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. మామ మాత్రం చేతులు జోడించాడు. "ఫ్యాక్టరీల గా సూటాయన దీన్నే తోలు వాసన అని చెప్తుండె. నువ్వు జీతం లేకుంటనే చెప్పినవ్," అన్నాడు. ఆ వారమంతా ఆటో అన్న గల్లీలో ఛాతీ విరుచుకుని తిరిగాడు.

మామకు ఒక అలవాటు ఉండేది. కూర్చున్న ప్రతి ఒక్కరూ తమకు ఏ వాసన వచ్చిందో చెప్పేదాకా తన గిలాస ముట్టడు. ఎంత ఆలస్యమైనా సరే. ఎవరైనా "నాకేం తెల్వదు" అంటే, "తెల్వకుంటే మంచిదే, అబద్ధం చెప్పవు," అని పోపుల డబ్బా ముందుకు జరిపేవాడు.

ఇవన్నీ నేను గోడ ఇవతల నుంచి చూసినవి. చాప మీద నేనెప్పుడూ కూర్చోలేదు. మా తమ్ముడు తాగుతాడు. బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది, చేతిలో మంచి పని ఉంది. అయినా మరదలు పిల్లను తీసుకుని మన్నాఏఖేళ్ళిలో పుట్టింటికి పోయింది, వాడు నా దగ్గర ఉంటున్నాడు. పొద్దున బడి, సాయంత్రం వాడి కోసం ఎదురుచూడటం. ఇన్నేళ్ళుగా అలిసిపోయి ఉన్నాను. పక్కింట్లోనే సీసా విప్పుతారని తెలిస్తే వాడు ఊరుకుంటాడా? ఒక ఆదివారం పోయి చాప మీద కూర్చున్నాడు, అప్పటికే కొంచెం తాగి. నేను గోడ దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు అరిచాను.

"నా కొంప కూలుతాంటే నువ్వు సోకు నేర్పుతున్నవా మామా? నీకు దండం పెడ్తా, వాన్ని రానియ్యకు."

మామ ఆ రోజుకు చాప చుట్టేశాడు. అంత పెద్దాయనను పదిమందిలో అన్నానే అని నాకే బాధ అనిపించింది, కానీ క్షమించమని అడిగే ఓపిక కూడా లేదు.

మరుసటి వారం మామే తమ్ముణ్ణి పిలిచాడు. "నీ చేతికి గిలాస ఇయ్య. నాలిక్కు సుక్క తాకనియ్య. నీ ముక్కు ఒక్కటే నాకు కావాలె," అన్నాడు. గిలాస తానే పట్టుకుని వాడి ముక్కు కింద పెట్టాడు. అందరూ నవ్వారు. తమ్ముడు ఉక్రోషంతో లేచి పోయాడు. మూడో వారం ఎందుకో మళ్ళీ వెళ్ళాడు. కళ్ళు మూసుకుని వాసన చూసి, "నేరేడు గింజ. కొత్త ట్యూబు. ఇంకా... చింతపండు. గది నీ చేతిది మామా," అన్నాడు. ఇంజిన్ వాసన చూసి ఏది కాలిందో చెప్పే ముక్కు వాడిది. గల్లీలో అంత మంచి ముక్కు ఇంకోటి లేదని ఆ రోజు తేలింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మామ గిలాస పట్టుకునేవాడు, తమ్ముడు చెప్పేవాడు, మిగిలినవాళ్ళు వాడు చెప్పింది తమకూ తగులుతుందేమో అని వెతుక్కునేవాళ్ళు. "తాగి వస్తే ముక్కు బంద్ అయితది, నాకు పనికిరావు," అని మామ ముందే చెప్పాడు. కాబట్టి ఆదివారం తాగేవాడు కాదు. కొన్నాళ్ళకు శనివారమూ మానేశాడు. మిగతా ఐదు రోజుల సంగతి రాయడానికి నాకు మనసొప్పదు. మామ ఏ అద్భుతమూ చేయలేదు. వారంలో రెండు రోజులు నాకు నిద్ర ఇచ్చాడు. నా మొహం చూసి ఒకసారి గోడ మీది నుంచి, "ఆహిస్తా, మెల్లగ పిల్లా. రెండు పొద్దులు వచ్చినయ్, మూడోది వస్తాంది," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏడాది గడిపాను.

మామ ఆసుపత్రిలో చేరాక చాప పడలేదు. మూడు ఆదివారాలు తమ్ముడు తాగి, గోడ పట్టుకుని ఇంటికి వచ్చాడు. నాలుగో ఆదివారం రాకముందే, గురువారం నాడు మామ పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడం వాళ్ళ ఊరి చేనులో. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి, ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని మావాళ్ళ నమ్మకం. శనివారం పొద్దుటి బడి. సెలవు దొరక్క రెండు పీరియడ్లు చెప్పి, అట్నుంచి అటే ఔరాద్ బస్సెక్కాను. నేను పోయేసరికి అన్నం, మటన్ కూర, జొన్నరొట్టె, చాయ్ గిలాసలో వైన్ అన్నీ పెట్టి ఎండలో కూర్చుని ఉన్నారు. కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి గానీ కిందికి దిగడం లేదు. విస్తట్లో పెట్టగా మిగిలిన సీసా మగవాళ్ళ మధ్య తిరగాలి, అది ఆనవాయితీ, వద్దంటే పోయిన మనిషిని అవమానించినట్టు. పిట్ట ముట్టగానే సీసా తిప్పుదామని పెద్దమనుషులు చూస్తున్నారు. తమ్ముడు ఆ వరసలోనే కూర్చున్నాడు. నా చూపు కాకుల మీద లేదు, వాడి చేతుల మీద ఉంది.

ఎవరో, "నీ మనవండ్లను మేం జూసుకుంటం," అన్నారు. ఇంకెవరో, "చేను అమ్మం," అన్నారు. కాకి కదల్లేదు.

అప్పుడు అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరెవ్వరు వాసన చెప్పనేలేదు గదరా. మీరు చెప్పంది ఆయన గిలాస ఎప్పుడు ముట్టిండు?" అంది.

తమ్ముడు లేచాడు. విస్తరి దగ్గరకు పోయి గిలాస వైపు వంగి, చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ చూసి నా దగ్గరకు వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినందుకో తాగినందుకో నాకు తెలియలేదు.

"అక్కా, నువ్వు పట్టుకో. నేను పట్టుకుంటే తాగుత," అన్నాడు.

జన్మలో వైన్ పోసిన గిలాస ముట్టనిదాన్ని. తీసి వాడి ముక్కు కింద పెట్టాను. పట్టుకోవడం చేతకాక రెండు చుక్కలు నా చీర మీద పడ్డాయి.

"నేరేడు," అన్నాడు కళ్ళు మూసుకుని. "తడి గోనె సంచి. జరంత పొగాకు." ఇంకేదో వెతుకుతున్నాడు. అది దొరకదని మా ఇద్దరికీ తెలుసు.

"చాక్‌పీసు," అన్నాడు చివరికి. "గది నీ చేతిది."

పిట్ట దిగింది, ముట్టింది అని వెనక నుంచి అరిచారు. నేను తిరిగి చూడలేదు. అప్పటికే భుజం లాగుతోంది. తమ్ముడు కళ్ళు తెరవలేదు, నేను గిలాస దించలేదు.