కడిగి ఆరేసిన పాల కవర్లు

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే దారిలో, బస్సు దిగి కొంత దూరం లోపలికి నడిస్తే వచ్చే ఊరు మంజులది. పదో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక బీడీలు చుట్టుకుంటూ ఉండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుందంటే బయట రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. ఆ గొంతు చూసే, ఊళ్లో చెత్త వేరుచేసే కార్యక్రమం మొదలైనప్పుడు మహిళా సంఘం వాళ్లు ఆమె పేరు ఇచ్చారు. జగిత్యాలలో రెండు రోజులు శిక్షణ అయింది. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో వేయాలని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆమె పని.

వాళ్లమ్మ కూలికి పోయి గోడ పక్కన నిలబడ్డ ఇళ్లలో ఇప్పుడు మంజులకు కుర్చీ వేశారు. మొదటి రోజు ఆమె అంచు మీదే కూర్చుంది. నెల తిరిగేసరికి వీపు ఆనించడం అలవాటైంది.

అందరికంటే బుద్ధిగా విన్నది గంగవ్వ. డెబ్బై ఏళ్ల మనిషి, ఇంకా బీడీలు చుడుతుంది.

"పాల కవర్లు గట్లనే ఇయ్యాల్నా, కడిగియ్యాల్నా బిడ్డా?" అని అడిగింది.

"కడిగిస్తే మంచిదవ్వా. కొత్త వస్తువులు జేస్తరు."

ఎండాకాలం నల్లా రోజు విడిచి రోజు వచ్చినా గంగవ్వ కవర్లు కడిగింది. బట్టల తీగ మీద ఆరేసి, మడతపెట్టి, పాత చీర ఎర్రంచు చింపి మూట కట్టి ఇచ్చేది. మంజుల వేరే వాడల్లో ఆ మూట చూపించి "గంగవ్వను జూసి నేర్చుకోండ్రి" అని చెప్పేది.

పంచాయతీ చెత్త ట్రాక్టరు నడిపేది మంజుల భర్త ఏసుబాబు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె తీసుకొని ఊరవతల, చెత్త వేరుచేసి ఎరువు చేసే షెడ్డు దగ్గరికి వెళ్లింది. షెడ్డుకు తాళం వేసి ఉంది. దాని వెనకాల, వాగు ఒడ్డున ఏసుబాబు తడీ పొడీ కలిపి ఒకే గుంతలో పోస్తున్నాడు. పక్కన పాత కుప్ప మండుతోంది.

"ఏందిది?" అంది.

"చెత్త వేరుజేసే ఇద్దరు పని బంద్ జేసిన్రు. నేనొక్కన్ని ఏం జెయ్యాలె?"

"మరి నేను ఇంటింటికి చెప్తున్న గదా."

"చెప్పు. నీ పని చెప్పుడు, నా పని పారవోసుడు."

మరునాడు అందరికీ ఉన్నమాట చెప్పేయాలనే బయల్దేరింది. మొదటి ఇంట్లోనే "రా మంజులా, కూసో" అని ఛాయ్ ఇచ్చారు. కూర్చుంది. ఛాయ్ తాగింది. ఎప్పటిలాగే ఆకుపచ్చ బుట్ట గురించి చెప్పి లేచింది. అట్లా ఆరు నెలలు గడిచాయి.

దసరా సెలవుల తర్వాత బడికి ప్రవళిక అనే కొత్త టీచరు సిరిసిల్ల నుంచి వచ్చింది. పిల్లలనూ కొందరు ఆడవాళ్లనూ తీసుకుపోయి షెడ్డు చూపిద్దాం అంది.

"పాములుంటయ్ మేడం" అంది మంజుల.

"ఫరవాలేదక్కా, చూసుకుంట పోదాం."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంటికి వచ్చి భర్తతో, "రేపు పిల్లలస్తరు, షెడ్డు తీసి ముంగట జర ఊడువు" అంది. అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి చీపురు తీసుకున్నాడు.

మరునాడు షెడ్డు అద్దంలా ఉంది. మంజుల ఖాళీ తొట్ల ముందు నిలబడి ఎరువు ఎట్లా తయారవుతుందో చెప్పింది. ఏడో తరగతి పిల్ల ఒకతి చేయెత్తి, "అక్కా, చెత్త ఏది?" అని అడిగింది.

మంజుల ఏదో చెప్పబోయేలోపు, ఆడవాళ్లతో వచ్చిన గంగవ్వ పొగ వాసన పట్టుకొని షెడ్డు వెనక్కి నడిచింది. అందరూ ఆమె వెంట వెళ్లారు. గుంత అంచున, కుళ్లిన కూరగాయల మధ్య, సగం కాలిన ఎర్రంచు మూటలు కనిపించాయి. గంగవ్వ వంగి ఒకటి తీసింది.

"గివి నావే" అంది. మంజుల వైపు తిరిగి, "నీకు ముందుగాల్నే ఎర్కనా?" అని అడిగింది.

ఎరుక లేదని చెప్తే నమ్మేవాళ్లే. పిల్లలంతా చూస్తున్నారు.

"ఎర్కే అవ్వా."

"ఎప్పటిసంది?"

"ఎండాకాలం నుంచి."

గంగవ్వ గొంతు పెంచలేదు. "నా తాగే నీళ్లతోని కడిగిన గదనే" అంది. ఆ మూటను కొంగులో పెట్టుకొని ఒక్కతే ఇంటిదారి పట్టింది. మంజులకు తల ఎత్తితే పిల్లల చూపులు, దించితే మూటలు.

రెండు రోజులు ఏ ఇంటికీ పోలేదు. ఆ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోలేదు, వెనక వరుసలో కూర్చుంది. మూడో రోజు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, నిలబడే చెప్పింది. "ఆర్నెల్ల సంది మీకు అబద్ధం చెప్పిన. మీరు వేరుజేసింది అంత ఒక్క గుంతల్నే పడ్డది." కొందరు తిట్టారు. కుర్చీ వేసిన ఇంటావిడ మాత్రం నవ్వి, "పోనీ తియ్ మంజులా, అందరు జేసేదే గదా" అంది. తిట్లకంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. తన నుంచి ఆమె అంతకుమించి ఎన్నడూ ఆశించలేదన్నమాట.

తర్వాత ప్రవళిక, నలుగురు ఆడవాళ్లు, పిల్లలు కలిసి పంచాయతీకి వెళ్లి అడిగారు. షెడ్డు తాళం ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఏసుబాబు తడీ పొడీ కలవకుండా ట్రాలీకి నడుమ రేకు కొట్టించాడు. మంగళవారం, శనివారం ఆడవాళ్లే కూర్చుని చెత్త వేరుచేస్తారు, పిల్లలు వారానికోసారి వచ్చి ఎరువు తిరగేస్తారు. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు మాత్రం మళ్లీ అన్నీ కలిపే ఇవ్వసాగారు. వాళ్లను తప్పుబట్టే ముఖం మంజులకు లేదు.

గంగవ్వ కూడా బూడిద, బీడీ ఆకు ముక్కలు, కవర్లు అన్నీ ఒకే బుట్టలో పెట్టేది. మంజుల ఆ వాకిట్లోనే కూర్చుని వాటిని ఏరేది. గంగవ్వ అరుగు మీద బీడీలు చుడుతూ చూసేది కానీ పలకరించేది కాదు. క్రిస్మస్ అయ్యాక ఒకరోజు షెడ్డుకు వచ్చి, నల్లటి ఎరువు చేతిలోకి తీసుకొని వాసన చూసింది.

"గిది మన చెత్తదేనా?"

"మనదే అవ్వా."

బీరపాదుకని దోసెడు కొంగులో పోసుకొని వెళ్లిపోయింది.

మొన్న సిరిసిల్లలో వేరే ఊళ్ల ఆడవాళ్లకు శిక్షణ ఇస్తూ మంజులను మాట్లాడమన్నారు. ఆమె బుట్టల రంగులతో మొదలుపెట్టలేదు. "నేను ఆర్నెల్లు మా ఊరిని మోసం జేసిన" అని మొదలుపెట్టి, షెడ్డు ఊడ్పించిన సంగతితో సహా అంతా చెప్పింది. వెనక నుంచి ఒకామె, "గా ముసలవ్వ ఇప్పుడు నీతోని మాట్లాడుతదా?" అని అడిగింది.

"పనిబడితే మాట్లాడుతది" అంది మంజుల. తర్వాత ఎరువు గుంత ఎంత లోతు తవ్వాలో చెప్పింది.