బతికున్న మనిషికి సమాధి

నేను బడికి పోయింది తక్కువ. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు కొని చదువుకున్నవాణ్ణి. అతను పరిచయమైందీ అక్కడే. కృష్ణా డ్యాం వెనకనీళ్ల ఒడ్డున, అడవిలో, గుడిసె వేసుకుని ఒంటరిగా ఉండేవాడు. ఏడాదికోసారి గుబురు గడ్డంతో, చేపల వాసనతో పుస్తకాలకు వచ్చేవాడు. భక్తి పుస్తకం చూపిస్తే చాలు, ముఖం తిప్పుకునేవాడు.

మనిషి పొడ గిట్టక అంత దూరం పోయినవాణ్ణి మనవాళ్లు వదిలారా? ఎవడో పడవలో పోయి వీడియో తీశాడు. బాబా అన్నాడు. అంతే, జనం కొబ్బరికాయలతో దిగారు. ఇతను బూతులు తిట్టాడు. తిట్టు తగిలితే పని అవుతుందని ప్రచారం లేచింది. రాళ్లు విసిరాడు. ఆ రాళ్లు ఏరుకుపోయి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. వీళ్లా చదువుకున్నవాళ్లు!

అంతలో అతనికి కంట్లో శుక్లం వచ్చింది. నాంపల్లిలో నా గదికి వచ్చాడు. గడ్డం తీయించుకుని రమ్మన్నారు దవాఖానలో. ఆపరేషనయ్యాక చాలా రోజులు నా దగ్గరే ఉన్నాడు. కట్టు విప్పిన దగ్గర్నుంచీ ఒకటే పాట, "నా నీళ్లకాడికి పోత" అని. తోడుగా నేనూ పోయాను.

గుడిసె లేదు. ఆ చోట పాలరాతి గద్దె, పూలదండ వేసిన అతని గడ్డం ఫొటో, ఎదురుగా బారెడు వరస. కాషాయం కండువావాడు అడ్డమొచ్చాడు.

"తాతా, చెప్పులు గాడ ఇడిచి లైన్ల రా."

"గీడ నా గుడిసె ఉండె. ఏది?"

"బాబా జీవసమాధి అయిన్రు. ఇంక గుడిసెతోని ఏం పని?"

"ఏం సమాధిరా? ఆ ఫొటోల ఉన్నది నేనే!"

వాడు పక్కవాణ్ణి చూసి నవ్వాడు. "ఇన్నవా? మొన్న ఒకడు బాబా తమ్ముణ్ణన్నడు. గీయన ఏకంగా బాబానే అంట."

ఇతను లంకించుకున్నాడు. ఏ తిట్ల కోసం వీళ్లు దూరాభారం వచ్చేవారో, అవే తిట్లు. ఇప్పుడైనా గుర్తుపడతారనుకున్నాను. వరసలో ఒకావిడ చెవులు మూసుకుంది. "ఏం పాడు నోరమ్మా! బాబా ఉన్న జాగల గిట్ల తిట్టొచ్చునా?" ఇద్దరు రెక్క పట్టి పడవ ఎక్కించారు. కొత్త గుడిసెకు అవతలి ఒడ్డుకు పోదామంటే పడవవాడు ఒప్పుకోలేదు, అదంతా ఫారెస్టువాళ్లదట.

ఇప్పుడు నా గదిలోనే ఉంటున్నాడు. కింద ఆటోల మోత, పైన పెళ్లిపాటల రిహార్సలు. చెవుల్లో దూది కుక్కుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. నిన్న ఓనరు గుమ్మంలో నిలబడి అడిగాడు, "మీ చుట్టం ఇంకెన్ని దినాలుంటడు, పెద్దాయనా?"

నేను నోరు తెరిచేలోపు గోడవైపు నుంచే అతను అన్నాడు, "నన్ను సమాధి జేసిన జాగల ఉండనియ్యకపోతిరి. గీడ గిట్ల ఉంటే నీకేం బాధ?"

ఓనరు నావైపు చూశాడు. నేను తలుపు వేసేశాను.