యాదవ్వ బకెట్

సిద్దిపేటలో ఆశా కార్యకర్త యాదవ్వ అంటే వాడంతా హడల్. బాలింతను చూడవచ్చినవాళ్లు "పాలు సాల్తలేవేమో" అని ఊరికే భయపెడితే, ఆ బెంగతోనే తల్లులు డబ్బాపాలకు దిగుతున్నారని ఆమె మంట. అందుకే ఆ మాటన్నవాళ్ల చేత పొత్తిగుడ్డలన్నీ ఉతికించేది. మరక పోకపోతే మళ్లీ ఉతకాల్సిందే. ఆ మాటన్నందుకు పక్కింటి హుస్సేన్ బీ తన మనవరాలి గుడ్డలు రెండుసార్లు ఉతికింది.

మొన్న యాదవ్వ కూతురు వినీత ప్రసవించింది. పిల్లాడు ఒకటే ఏడుపు. యాదవ్వ ఉండబట్టలేక, "పాలు సాల్తలేవేమో బిడ్డా, డబ్బా తెప్పియ్యాల్నా?" అంది.

వినీత పిల్లాణ్ని రొమ్ముకు హత్తుకుని, కాలితో పొత్తిగుడ్డల బకెట్‌ను తల్లి ముందుకు నెట్టింది.

గడపలో నిలబడ్డ హుస్సేన్ బీ మొహం వెలిగిపోయింది. "సబ్బు నేను తెస్త యాదవ్వా. మరకలు పోవాలె మల్ల!"